వంగెడి ఇరుసు

ఓర్పు సుగుణమా, లేక ఒకరి తప్పును మఱియొకరి దేహముపై మోపెడి యుపాయమా? ధర్మశాస్త్రములు చదువుకొన్న దినములలో ఈ ప్రశ్న నాకు తోచలేదు. మా బడిలో పదవ తరగతి బాలుడొకడు చేసిన ఆటపడవ చెఱువు నడుమ ఆగిపోయిన సాయంకాలమున తోచినది. ఆటవస్తువును పట్టుకొని ధర్మవిచారమునకు దిగినందుకు చదువరులు నవ్వుదురేమో. నవ్వుటకు ముందు ఆ పడవ కడుపులోని సంగతి కొంచెము వినవలయునని ప్రార్థన.

రేడియో తరంగములచే దూరమునుండి నడపబడు పడవ క్రొత్త వింత కాదు. 1898వ సంవత్సరమున నికోలా టెస్లా న్యూయార్కు నగరమున, మాడిసన్ స్క్వేర్ గార్డెనులో, నీటితొట్టిలో అట్టి పడవను నడిపి జనులను విస్మయపఱచెను. ఇప్పుడు దాని భాగములు తపాలాలో మా నర్మెట్టకును వచ్చుచున్నవి. గోదావరి నీరే దేవాదుల మోటారులచే ఎత్తబడి మా బొమ్మకూరు జలాశయమునకు చేరుచుండగా, ఒక చిన్న మోటారు, ఒక బ్యాటరీ వచ్చి చేరుటలో ఆశ్చర్యమేమి?

పడవలో మోటారు పొడిచోట, కొంచెము ఎత్తున నుండవలయును. నీటిని త్రోయు ప్రొపెల్లరు వెనుకభాగమున, నీటిలో, క్రిందుగా నుండవలయును. ఈ రెంటిని కలుపునది ఇరుసు. కఱ్ఱవలె నిటారైన ఇరుసును వేసినచో అది ఏటవాలుగా దిగును. ప్రొపెల్లరు పడవను ముందునకు త్రోయుటతో పాటు కొంత బలమును వృథాగా పైకి ఖర్చు చేయును. అందుచేత వేగముగ పోవు పడవలలో సన్నని ఉక్కుతీగలను పొరలు పొరలుగా చుట్టి చేసిన ఇరుసును వాడుదురు. అది ఇత్తడి గొట్టములో మెల్లగా వంగి, చివర నీటికి సమముగా వెలువడును. వంగుచునే తిరుగుట దాని విద్య.

నా విద్యార్థి అట్టిదే తెప్పించెను. వంగునను ఒక్క మాటతో తక్కిన జాగ్రత్తలన్నియు మఱచెను. మోటారును చోటు దొరకిన దగ్గఱ బిగించెను. గొట్టపు మూతికిని మోటారు ఇరుసునకును వడ్లగింజంత తేడా వచ్చినది. నేను చూపగా, "వంగుతది గద సార్, ఏం కాదు" అనెను. నేనును తల యూపితిని.

రెండు నిమిషములు పడవ చక్కగనే పోయినది. గట్టుమీది పిల్లలు కేకలు వేసిరి. పిమ్మట వేగము తగ్గెను. ఇంకను పిమ్మట పూర్తిగా నిలిచెను. గొఱ్ఱెల కాపరి యొకడు ఈది దానిని తెచ్చి యిచ్చెను. మూత తీసి చూడగా గొట్టము మోటారు దగ్గఱ ముట్టుకొనరాని వేడిగా నున్నది. లోపలి తీగలు సరిగా ఆ వడ్లగింజంత తేడా యున్నచోటనే తెగినవి.

ఆ రాత్రి లెక్క వేసితిని. ఆ మోటారు వోల్టునకు నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునది, బ్యాటరీ 11.1 వోల్టులది. భారము లేనప్పుడు నిమిషమునకు 22,200 చుట్లు, అనగా క్షణమునకు 370. ప్రతి చుట్టునను ఆ తప్పుచోట ప్రతి తీగయు ఒకమాఱు సాగి ఒకమాఱు నొక్కుకొనవలయును. బయట చూచువారికి పడవ పోవుటయే కనబడును గాని ఈ సాగుటయు నొక్కుకొనుటయు కనబడవు. వంగెడి వస్తువు తప్పును తొలగింపలేదు. దానిని వేడిగా మార్చి తనలో నుంచుకొన్నది.

మోటారు బావుల కాలమున మా రైతులు ఇదే చూచియుందురు. మోటారును పంపును కలుపు కప్లింగులో రబ్బరు బుష్షులుండును. రెండును ఒకే వరుసలో లేకున్న ఆ బుష్షులు అరిగి నల్లని పొడియై క్రింద రాలును. తెలిసిన మెకానిక్కు మొదట కప్లింగు రెండు బిళ్లలమీద ఇనుప స్కేలు పెట్టి చూచును. తెలియని రైతు కారుకారునకు బుష్షులు మార్చి, బుష్షుల నాణ్యమును తిట్టును.

పడవలు చేయువారిలో ఒక మంచి పద్ధతి కలదు. మోటారునకును ఇరుసునకును నడుమ వంగెడి కీలు పెట్టుటకు ముందు, ఏ మాత్రమును వంగని ఇత్తడి ముక్కతో రెంటిని కలిపి బిగింతురు. అప్పుడు తేడా యెంత చిన్నదైనను దాగదు. వ్రేలితో త్రిప్పిన బిగుసుకొనును. సులువుగా తిరుగువఱకు మోటారును అటునిటు జరిపి, అక్కడనే మరలు బిగించి, పిమ్మట ఇత్తడి ముక్క తీసి వంగెడి కీలు వేయుదురు. మా బాలుడును గొట్టపు మూతిలో తిన్నని కమ్మి దూర్చి, దానికి సరిగా మోటారును మరల అమర్చెను. వంగుటయను గుణము లేనట్లే భావించి సరిచేయుట, సరిచేసిన పిమ్మట ఆ గుణమును తెచ్చి పెట్టుట: ఈ వరుస నన్ను చాల దినములు వదలలేదు.

భగవద్గీత పదుమూడవ యధ్యాయమున క్షాంతి, ఆర్జవము అను రెండు గుణములు ప్రక్కప్రక్కన చెప్పబడినవి. ఋజువనగా తిన్ననిది, దాని భావమే ఆర్జవము. మన యిండ్లలో ఈ రెంటిని విడదీసి పంచుకొంటిమి. క్షాంతిని ఆడువారికిని, బీదవారికిని, క్రింది కులమని పిలువబడినవారికిని ఇచ్చితిమి. ఆర్జవమును ఎవరికిని ఇయ్యక అలమారలో పెట్టితిమి. నా బాల్యమున కొన్ని గ్రామముల చాయ అంగళ్లలో కులమును బట్టి గ్లాసులు వేఱుగ నుండెడివి. "వారికి అలవాటే, వారేమియు అనుకొనరు" అని పెద్దలు చెప్పెడివారు. చెప్పిన వారిలో ఒకడైనను ఆ గొట్టమును చేతితో ముట్టి చూచినవాడు కాడు.

దీనినిబట్టి ఓర్పు దాస్యమనియు, ఎవరును ఎవరికిని వంగరాదనియు వాదించు యువకులు నాకు తెలియుదురు. వారి కోపము న్యాయమైనది, యంత్రజ్ఞానము చాలదు. చెక్కపడవ తడికి ఉబ్బును, ఎండకు కుదించుకొనును. ఎంత తిన్నగ అమర్చినను మోటారు అదురును. వంగని ముక్కతోనే నడిపినచో బేరింగులు అరిగిపోవును. పైగా మోటారు పైన, ప్రొపెల్లరు క్రింద నుండుట ఎవరి తప్పును కాదు. అది నీటి స్వభావము. ఆ వంపును ఎవరో భరింపవలసినదే.

భరించుట మాత్రము ఉచితముగ జరుగునని అనుకొనరాదు. రెండు కఱ్ఱలను కలుపు ఒంటి యూనివర్సల్ కీలును 30 డిగ్రీల వంపులో తిప్పినచో, మోటారు ఎంత నిలుకడగా తిరిగినను, అవతలి ఇరుసు ప్రతి చుట్టునను రెండుమార్లు వేగము పెంచుకొనుచు, రెండుమార్లు తగ్గించుకొనుచు నుండును; దాని వేగము మోటారు వేగములో 0.87 వంతునుండి 1.15 వంతులవఱకు మాఱును. వంగువారి శ్రమ వారితోనే ఆగదు. తల్లి పగలెల్ల ఓర్చి సాయంకాలము పిల్లవానిపై కసరినచో, ఆ కసరు ఎక్కడ పుట్టినదో వెనుకకు లెక్కింపవలయును.

అయితే ఏ వంపు తప్పనిసరి, ఏ వంపు మన సోమరితనమని తీర్పు చెప్పునది ఎవరు? ఇదియే కష్టమైన చోటు. వంగనివాడు చెప్పినచో ప్రతిదియు తప్పనిసరియే యగును. ఏలయన అతనికి వేడి తగులదు. ఇది పరుల సంగతిగా వ్రాసి ముగించుట సులభమే గాని న్యాయము కాదు.

నా భార్య సర్దుకొనిపోవునదని మా బంధువులలో పేరు. ఆ పేరు నేనును పదిమందిలో గర్వముగ చెప్పుకొనుచుంటిని. మా తల్లి మధుమేహరోగి; రాత్రి యేడు గంటలకే భుజింపవలయును. కుమారుడు జనగామలో చదువుచున్నాడు. తెల్లవాఱక ముందే వానికి అన్నము కట్టి బస్సున కంపవలయును. ఈ రెండును మార్పరానివి. నడుమ నేనొకడను. పుస్తకములు ముందు వేసుకొని పది దాటువఱకు కూర్చుండి, పిమ్మట వేడి అన్నము కోరుచుంటిని. నాకు వడ్డించి, గిన్నెలు కడిగి ఆమె పండుకొనునప్పటికి పదునొకండు, లేచునప్పటికి నాలుగున్నర. పదునాఱేండ్లు ఇట్లు జరిగినది. మోకాళ్లు నొచ్చుచున్నవని ఆమె అప్పుడప్పుడు చెప్పినది. వయస్సు వచ్చుచున్నది, చలికాలము గదా యని నేను సమాధానము చెప్పితిని. బుష్షులను తిట్టిన రైతుకంటె నా తెలివి హెచ్చు కాదు. రెండు భాషల విద్య, ఈ వడ్లగింజను చూచుటకు పనికిరాలేదు.

ఒకనాడు సిగ్గు విడిచి అడిగితిని: ఈ యింటిలో నీకు బరువైనది ఏది? ఆమె చాలసేపు పలుకలేదు. తుదకు మా తల్లి మాట గాని, పిల్లవాని మాట గాని ఎత్తక, "మీ పది గంటలు" అనెను. నేటినుండి అమ్మతో పాటు ఏడింటికే తినెదననియు, నా పళ్లెము నేనే కడుగుకొనెదననియు చెప్పితిని.

"ఇది ఎన్ని దినాలు నడుస్తది?" అని ఆమె అడిగినది.

మరుసటి ఆదివారము పడవను మరల చెఱువునకు తీసికొనిపోయితిమి. బ్యాటరీ తీఱువఱకు అది ఆగలేదు. ఒడ్డునకు రాగానే బాలుడు మూత తీసి గొట్టముపై వ్రేలు పెట్టి, "ఇంకా కొంచెం వెచ్చగనే ఉన్నది సార్" అనెను. తీసివేయరాని వంపు ఉండనే యున్నది గదా యని, చమురు వేయవలసిన చోటు చూపితిని.

ఇది వ్రాయునాటికి ఇంట నలుబది దినములైనవి. రెండుమార్లు తప్పితిని.