మేము వక్తలమా, చర్చాంశమా?

భవనానికి మతం లేదంటారు. కానీ ఎవరు ఎక్కడ కూర్చోవాలో కట్టినప్పుడే తేలిపోతుంది. కోర్టులో జడ్జి కుర్చీ ఎత్తు మీద, బోను కింద. క్లాసురూంలో బల్లలన్నీ మాస్టారి వైపే. విద్యార్థి సంఘ భవనం లెక్క వేరు. అక్కడ మనిషి మనిషికి ఎదురుగా కూర్చుంటాడు.

కేంబ్రిడ్జి యూనియన్ పుట్టింది 1815లో. ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ గీసిన సొంత భవనం 1866లో వచ్చింది. చర్చాశాలలో ఎదురెదురు బెంచీలు. చర్చ ముగిశాక ఏ తలుపులోంచి బయటికి వెళ్తే ఆ వైపు ఓటు వేసినట్టు. ఎదుటి బెంచీలో ఉన్నవాడు శత్రువు కాదు, ఆ బెంచీ ఖాళీ అయితే చర్చే లేదు. ఇంత చక్కటి ఏర్పాటు చేసుకున్న వాళ్లు కూడా ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకున్నది 1963లో.

ఆ యూనియన్‌కు అధ్యక్షుడిగా చేసిన థియొడోర్ బెక్ 1883లో అలీగఢ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. మరుసటి ఏడాదే అక్కడ సిడన్స్ యూనియన్ క్లబ్ మొదలైంది. అదే తర్వాత విద్యార్థి సంఘమైంది. పేరున్న వాళ్లకు జీవితకాల సభ్యత్వమిచ్చి, వాళ్ల ఫోటోలు గోడకు వేలాడదీయడం ఆ హాలు ఆనవాయితీ. 1920లో గాంధీకి ఇచ్చారు. 1938లో జిన్నాకు ఇచ్చారు. ఇద్దరూ ఆ హాలు గోడలకెక్కారు. గోడకేం తెలుసు? ఎవరొచ్చారో చెబుతుంది. ఎవరి మాట నెగ్గాలో చెప్పదు.

2018లో ఆ జిన్నా ఫోటో ఎందుకుందని ఒక ఎంపీ లేఖ రాశాడు. మాజీ ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీకి జీవితకాల సభ్యత్వమివ్వాల్సిన రోజునే, మే 2న, యూనివర్సిటీ గేటు దగ్గరికి నినాదాలతో గుంపు వచ్చింది. గొడవ జరిగింది, విద్యార్థులు గాయపడ్డారు, సభ ఆగిపోయింది.

ఆ ఫోటో ఉండాలా వద్దా అని అడగటం తప్పు కాదు. మాకు జిన్నా మీద మోజేమీ లేదు. ఆయన గీసిన దారిన పోకుండా ఇక్కడే మిగిలిన వాళ్ల బిడ్డలం మేము. అయితే ఆ ప్రశ్న హాల్లోకొచ్చి, బెంచీ మీద కూర్చుని, జవాబు కూడా వినాలి. గేటు దగ్గర కేకగా వచ్చిన ప్రశ్నకు జవాబు అక్కర్లేదు. దానికి కావలసింది మా తలదించుడు. అక్కడ మేము వక్తలం కాము, చర్చాంశం. క్రికెట్ మ్యాచ్ నాడు, బాంబు పేలిన నాడు, ఎన్నికలొచ్చిన నాడు కూడా మా సంగతి ఇంతే.

1965 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి హాల్లో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ మాట్లాడాడు. అమెరికా కల నీగ్రోల కష్టం మీద నిలబడిందా అన్నది ఆనాటి అంశం. ఎదుటి వక్త విలియం బక్లీ. తన జాతి చేసిన వెట్టిచాకిరీని బాల్డ్విన్ ‘నేను చేశాను’ అంటూ చెప్పాడు. 544 మంది ఆయన వైపు, 164 మంది అవతలి వైపు. గెలిచాడు. కానీ ఒక జాతి గాయం నిజమా కాదా అని, ఆ గాయం తగలని వాళ్లే ఎక్కువగా ఉన్న హాలు ఓటేసి తేల్చడమేమిటి? బెంచీ దొరికినంత మాత్రాన న్యాయం దొరికినట్టు కాదు. బెంచీ కూడా లేకపోతే ఆ మాత్రం వినేవాళ్లుండరు.

ఇదే తూకం మా ఇంట్లోనూ వేసుకోవాలి. సర్ సయ్యద్ చూపు ముఖ్యంగా షరీఫ్ ఖాన్‌దాన్ల పిల్లల మీదే ఉండింది. దూదేకుల, కసాయి, ఫకీరు ఇళ్ల పిల్లలకు ఆ చర్చాశాలలో చోటెక్కడిది? మా ఆడవాళ్ల చదువు గురించి, బురఖా గురించి, తలాక్ గురించి మగవాళ్లే కూర్చుని తీర్మానాలు చేసే జమాత్‌లు ఎన్ని లేవు? జిన్నాకు సభ్యత్వం దక్కిన 1938లోనే, వందేమాతరం పాడినందుకు ఉస్మానియా యూనివర్సిటీ విద్యార్థులను వెళ్లగొట్టింది. గద్దె మీద ఉన్నది మా మతం పేరే గాని మా కూలినాలి జనం కాదు. అయినా ఆనాడు ఖాళీ చేయించింది కూడా ఎదుటి బెంచీనే. అది అన్యాయమని చెప్పలేని నోటికి అలీగఢ్ గేటు గురించి మాట్లాడే హక్కు ఎక్కడిది?

మా మీద ప్రశ్నలే వేయొద్దని మేము అనడం లేదు. ఎదురుగా కూర్చుని అడగండి. మీ వంతయ్యాక మా వంతు రానివ్వండి. మేమూ మిమ్మల్ని అడుగుతాం. ఆ రెండో బెంచీ ఉన్నంత వరకే అది విద్యార్థి సంఘ భవనం. అది పోయిన నాడు మిగిలేది బోను ఒక్కటే.