నిశీథమున హింసావివేకము

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి సాన్ వాకీన్ లోయలో, వేసవి రాత్రి నడిజాము దాటిన పిదప, పగటి యెండకు కాగిన నేల చల్లారి, గాలి నెమ్మదించి, తేనెటీగలన్నియు పెట్టెలలోనికి జేరి, పొలములలో కూలివాడొక్కడును లేని వేళ జూచి, పురుగుమందు నింపుకొన్న చిన్న విమానమొకటి ప్రత్తిచేల మీదను, విత్తనమునకై పెంచిన లూసర్న్ మళ్ల మీదను పది పండ్రెండడుగుల యెత్తున పరుగులు దీయుట అచ్చటివారికి వింత గాదు. చేనిలోనికి దిగగానే రెక్కల దీపములు భగ్గున వెలుగును. రెక్క పొడవునను వరుసగా నమర్చిన సన్నని గొట్టపు మొనలనుండి మందు తుంపరలుగా జారును. చేను చివర వైమానికుడు మందు నాపి, విమానపు ముక్కును పైకెత్తి, తాను తిరుగబోవు ప్రక్క దీపమును వెలిగించుకొని, కరెంటు తీగ లెచ్చట నున్నవో వెదకికొనుచు మలుపు దిరుగును. ఆ తీగయే వాని ప్రాణమునకు మొదటి శత్రువు.

1921 ఆగస్టు 3వ తేదీన ఒహాయో రాష్ట్రమున ట్రాయ్ పట్టణ సమీపమున జాన్ మెక్‌రెడీ యను సైనిక వైమానికుడు కటాల్పా చెట్ల తోపుపై సీసపు ఆర్సెనేటు పొడిని జల్లి గొంగళిపురుగులను జంపినది మొదలుగా ఈ విద్య పెరిగినది. ఆ తొలి ప్రయోగము పట్టపగలే జరిగినది. రాత్రికి మారుటకు గల కారణములలో నన్ను ఆలోచింపజేసినది తేనెటీగ. పగలు పూలపై వ్రాలిన యీగ మందు తగిలి చచ్చును. రాత్రి యది గూటిలో నుండును. తెల్లవారునప్పటికి కొన్ని మందుల తీక్ష్ణత కొంత తగ్గును. ఇట్లు వేళ నెంచి చేసిన హింస, హింసయే యైనను, ధర్మమునకు కొంత చేరువ యగునా?

మన పూర్వులు గృహస్థజీవితములోని హింసను దాచిపెట్టలేదు. పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ యను నైదింటిని వధస్థానములుగా మనుస్మృతి లెక్కించి, వాని దోషము తొలగుటకు పంచమహాయజ్ఞములను విధించినది. అరణ్యపర్వమున, ఎఱ్ఱన తెనిగించిన భాగములో, మిథిలయందు మాంసమమ్ముకొను ధర్మవ్యాధుడు, కొంగను చూపుతోనే దహించి వచ్చిన కౌశికుడను బ్రాహ్మణునకు, నాగలి సాగినంత మేర భూమిలోని ప్రాణులెన్నియో నశించుచునే యున్నవని బోధించును. గొప్ప మాటయే, కాని యది మన వైమానికునకు చాలదని నా తలంపు. దున్నువాడు వానపామును వెదకి చంపడు; అది నాగలికి అడ్డుపడి చచ్చును. విమానమెక్కినవాడో, పురుగును చంపుటకే యెగిరినాడు. జైనాచార్యులు హింసను, కావలెనని చేయు సంకల్పహింస, ఇంటిపనులలో జరుగు ఆరంభహింస, జీవనోపాధిలో జరుగు ఉద్యోగహింస, శత్రువు నెదిరించుటలో జరుగు విరోధిహింస యని నాలుగు తెరగుల విభజించి, గృహస్థునకు మొదటిదానిని పూర్తిగా నిషేధించి, తక్కినవానిని తగ్గించుకొమ్మనిరి. సేద్యము ఉద్యోగహింసలో చేరును. పంటను తినవచ్చిన పురుగును శత్రువుగా నెంచి విరోధిహింసలో చేర్చిన చేర్చవచ్చును గాని, ఆకలిగొన్న పురుగునకు శత్రుత్వ మంటగట్టుట వాదము కొరకేగాని సత్యమునకు గాదు.

మరి తేనెటీగను విడిచిపెట్టుట దయయా, లెక్కయా? లూసర్న్ పూవు విత్తు కట్టవలెనన్న ఈగ కావలెను. ఈగ చచ్చిన రైతుకే నష్టము. రాత్రియందు తిరుగు రెక్కలపురుగులు, వానిని తిను గబ్బిలములు ఆ చేనిలోనే యున్నవి గదా! దీపపు వెలుగులో అవి వైమానికుని కన్నుల యెదుటనే యెగురును. వానికై వేళ నెంచినవాడు లేడు. అంతకన్న బాధాకరమైన సంగతి మరియొకటి. ఉపగ్రహముల సాయముతో దారి తెలిసికొను యంత్రములు రాకముందు, చేను చివర మనుష్యుడొకడు జెండాయో, రాత్రియైనచో దీపమో పట్టుకొని నిలిచి, ఏ బారున పోవలెనో చూపెడివాడు. మందు ఎన్నోమారులు వానిపైనను పడెడిది. ఈగకు దొరికిన మన్నన వానికి దొరకలేదు.

అయినను లెక్కతో మొదలైన జాగ్రత్తను నేను తృణీకరింపను. మనలో పెక్కుమంది దయ యట్లే మొదలైనది. చూడవలసినది అది లాభమున్నంతవరకే నడచునా, దాటి పోవునా యని. ఆ పరీక్ష రాత్రియందే యెదురగును. గాలి కదలని రాత్రి, నేలనంటిన గాలి చల్లబడి పైగాలి వెచ్చగా నున్నప్పుడు, సన్నని తుంపరలు క్రిందికి దిగక, పైకి లేవక, ప్రక్కవాని తోటకో, ఊరికో మెల్లగా ప్రాకిపోవును. నిశ్చలముగా నున్నదని నమ్మి యెగిరినవాడు తానెరుగని యింటికి విషము పంపినవాడగును. ఇది తెలిసికొనుటకు వైమానికులు వేడి పొగగొట్టములోనికి నూనె వదలి పొగ పుట్టింతురు. ఆ పొగ పైకి లేవక చేనిపై పరచుకొనుట చూచి, నింపిన మందుతోనే విమానమును వెనుకకు మరల్చి, ఆనాటి కూలిని వదలుకొన్నవాడు, మందు చల్లుట మానకున్నను, ధర్మవ్యాధుని సరసన నిలువదగినవాడని నా నిశ్చయము. ఈగలు నిద్రించుచున్నవి గదా యని తృప్తిపడి పని ముగించినవాడు మంచి వ్యాపారి, అంతే.