తీతువు పిట్ట ఫొటో చూసి ఏమనాలి?





ఈసారి కరపత్రం కెమెరాల గురించి. నవ్వకండి, సంగతి పెద్దదే.

ముదిగొండ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఒకప్పుడు పిల్లల మెడలో ఉండేలు వేలాడేది. పిట్ట కనబడితే రాయి. ఇప్పుడు అదే వయసు పిల్లలు, వాళ్ళ అన్నలు, రిటైరైన మాస్టార్లు కూడా పిట్ట కనబడితే ఫోను తీస్తున్నారు. కొందరైతే అప్పో సప్పో చేసి కెమెరాలు కొన్నారు. ఆదివారం తెల్లవారకముందే చెరువు కట్ట మీద కొంగల కోసం, పాలేరు రిజర్వాయరు ఒడ్డున బాతుల కోసం కాపు కాస్తారు. సెలవులు కలిసొస్తే కిన్నెరసాని వైపు, భద్రాచలం అడవుల వైపు బయల్దేరతారు. పంచశీలలో మొదటిది ప్రాణం తీయకుండా ఉండడం. రాయి పోయి కెమెరా రావడం ఆ దారిలో ఒక అడుగు. ఆ మాట ముందు ఒప్పుకోవాలి.

తీసినవాళ్ళు మనకు చూపిస్తారు. "ఎట్లుంది?" అని అడుగుతారు. మనం "సూపరన్నా" అంటాం. అక్కడితో అయిపోయిందనుకుంటాం. కానీ అయిపోదు. ఆ ఫొటో ఎలాగూ తీసేశారు, దాన్ని మన మాట మార్చలేదు. మన మాట మార్చేది వచ్చే ఆదివారం వాళ్ళు తీయబోయే ఫొటోను. నోటితో చేసినదీ కమ్మమే అని ధమ్మం చెప్పేది ఇలాంటి చోటే అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏప్రిల్ నెల. మీ మిత్రుడు ఒక ఫొటో చూపించాడు. తీతువు పిట్ట, రెక్కలు పూర్తిగా విచ్చుకుని, ముక్కు తెరిచి, నేరుగా కెమెరా మీదికే దూకుతున్నట్టు ఉంది. కన్ను మీద ఫోకస్ పడింది, రెక్కల మీది నలుపు తెలుపు స్పష్టంగా వచ్చింది. చూసినవాళ్ళంతా "అబ్బ" అన్నారు. అందరిలో మీకు ఒక్కరికే ఇంకో సంగతి తెలుసు. తీతువు చెట్టు మీద గూడు కట్టదు. బీడు నేల మీద, గులకరాళ్ళ మధ్య చిన్న పల్లంలో మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా రాళ్ళలాగే ఉంటాయి, కాలు పడేదాకా కనబడవు. ఎవరైనా దగ్గరికొస్తే అది అరుస్తూ మీదికి దూకుతుంది. (తీతువు కూస్తే చావు కబురొస్తుందని మన పెద్దలు భయపడేవారు. పాపం, అది కూసేది మన చావు గురించి కాదు, దాని పిల్లల ప్రాణం గురించి.) ఆ ఎండలో గుడ్లు ఉడికిపోకుండా అది కడుపు ఈకలు నీళ్ళల్లో తడుపుకుని వచ్చి వాటి మీద కూర్చుంటుంది. మన మిత్రుడు మంచి ఫొటో కోసం అక్కడ ఎంతసేపు నిలబడితే అంతసేపు ఆ గుడ్లు ఖమ్మం ఎండలో నీడ లేకుండా ఉంటాయి.

అందరూ మెచ్చుకుంటున్న ఆ ఫొటోలో ఉన్నది తన గుడ్ల దగ్గర్నించి మనిషిని తరిమేస్తున్న తల్లి. ఇప్పుడు మీరు ఏమంటారు?

చాలామందిమి ఏమీ అనం. "ఎందుకొచ్చిన గొడవ, వాడు బాధపడతాడు" అనుకుంటాం. దీనికి మనం పెట్టుకున్న పేరు మంచితనం. వినయపిటకం మహావగ్గలో ఒక సంఘటన ఉంది. కోసల దేశంలో కొందరు భిక్షువులు వానాకాలమంతా ఒకచోట కలిసి ఉండాల్సి వచ్చింది. గొడవలు రాకుండా హాయిగా ఉండాలంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడమే మేలని ఒప్పందం చేసుకున్నారు. మూడు నెలలు సైగలతో గడిపారు. తర్వాత శ్రావస్తి వెళ్ళి, చాలా సామరస్యంగా ఉన్నామని బుద్ధునికి గొప్పగా చెప్పుకున్నారు. ఆయన మెచ్చుకోలేదు. పశువులు కలిసి ఉన్నట్టు, గొర్రెలు కలిసి ఉన్నట్టు ఉన్నారని మందలించాడు. ఆ సందర్భంలోనే పవారణ అనే పద్ధతి పెట్టాడు. వర్షావాసం ముగిసే రోజున ప్రతి భిక్షువూ సంఘాన్ని అడగాలి: నాలో మీరు చూసిన, విన్న, అనుమానించిన తప్పు ఏదైనా ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటాను అని. అలా మూడుసార్లు. ఒకసారి బుద్ధుడు స్వయంగా అయిదు వందల మంది భిక్షువుల ముందు, నా చేతలో గానీ మాటలో గానీ తప్పు పట్టదగినది ఉందా అని అడిగాడని సంయుత్తనికాయ చెబుతోంది. ఆయనే అడిగాడంటే, మన ఫొటో గురించి నలుగురినీ అడగడానికి మనకు మొహమాటమెందుకు?

అసలు వర్షావాసం ఎలా మొదలైందో తెలుసా? అదీ విమర్శ వల్లనే. భిక్షువులు వానల్లో కూడా తిరుగుతూ పచ్చగడ్డి తొక్కేస్తున్నారు, చిన్న చిన్న ప్రాణులు చచ్చిపోతున్నాయి, ఆఖరికి పిట్టలు కూడా ఈ కాలంలో చెట్ల మీద గూళ్ళు కట్టుకుని ఒకచోట ఉంటాయి కదా అని జనం సణిగారు. ఆ మాట బుద్ధుని చెవిన పడింది. 'మేం సన్యాసులం, మాకే చెబుతారా' అనలేదు. ఎవరన్నారని ఆరా తీయలేదు. వానల్లో ఒకచోట ఉండమని నియమం చేశాడు. అంటే పిట్ట గూటిని ఉదాహరణగా చూపించి మామూలు జనం చేసిన విమర్శను తథాగతుడే స్వీకరించాడన్న మాట. మన దగ్గర గిజిగాళ్ళు తాటిచెట్లకు, బావుల మీది తుమ్మలకు గూళ్ళు అల్లేది సరిగ్గా ఈ వానాకాలంలోనే. జాషువా గారు పద్యాలు రాసిన గిజిగాడే ఇది. మగపిట్ట సగం అల్లి ఆపుతుంది, ఆడపిట్ట వచ్చి చూస్తుంది, నచ్చితే కాపురానికొస్తుంది, అప్పుడే గూడు పూర్తవుతుంది. నచ్చకపోతే చాలా గూళ్ళు సగంలోనే మిగిలిపోతాయి. తమ పనిని ఎవరైనా వంక పెడితే అలిగేవాళ్ళు గిజిగాణ్ణి చూసి నేర్చుకోవచ్చు, మళ్ళీ ఇంకోటి మొదలుపెడతాడు.

సరే, ఎలా చెప్పాలి? మంచి మాటకు అంగుత్తరనికాయలో అయిదు గుర్తులున్నాయి: సమయానికి చెప్పింది, నిజమైంది, మృదువైంది, మేలు చేసేది, మైత్రితో చెప్పింది. ఇవి విడివిడిగా చాలవు. "నిజమే కదా నేనన్నది" అని ఒక్క దాన్ని పట్టుకుని మిగతా నాలుగూ వదిలేసేవాళ్ళు మనలో చాలామంది. దీనికి తోడు అభయ రాజకుమార సుత్తంలోని పసిబిడ్డను గుర్తు చేసుకోండి. రాజకుమారుని ఒళ్ళో బిడ్డ ఉన్నాడు. ఈ బిడ్డ పుల్లో రాయో మింగబోతే ఏం చేస్తావని బుద్ధుడు అడిగాడు. ఎడమ చేత్తో తల పట్టుకుని, కుడి చేతి వేలు వంచి, రక్తం వచ్చినా సరే తీసేస్తానన్నాడు రాకుమారుడు. ఎందుకంటే బిడ్డ మీద దయ. చాలామంది ఈ కథలో వేలును మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. ఎడమ చేయిని మర్చిపోతారు. ముందు తల పట్టుకోవాలి. అది లేకుండా నోట్లో వేలు పెడితే బిడ్డ కొరుకుతాడు.

మిత్రునితో మాట్లాడడంలో ఎడమ చేయంటే పొగడ్త కాదు. అతను నిజంగా ఏం చేశాడో మీరు చూశారని తెలియజేయడం. "అన్నా, ఎగిరే పిట్ట కన్ను మీద ఫోకస్ పట్టడం మామూలు సంగతి కాదు, రెక్కల్లో ఒక్క ఈక కూడా అలుక్కుపోలేదు. ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. అది మీదికి వచ్చిందంటే కాళ్ళ దగ్గర్లో గుడ్లు ఉన్నట్టే. ఈ ఎండకు అవి ఆగవు. ఎక్కడో నాకు కూడా చెప్పకు. ఇంకో రెండు నెలలు అటు పోకుండా ఉందాం, పిల్లలు నడిచినంక దూరం నుంచి తీద్దాం." ఇంతే. నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి చెప్పండి. అయితే సమయం అంటే మంచి ముహూర్తం కోసం వారం ఆగడం కాదు. గూడు ఇంకా అక్కడే ఉంది, రేపు పొద్దున్నే మళ్ళీ వెళ్తాడు. ఈ రాత్రికే ఫోను చేయాలి. అదే, చెరువు గట్టు ఫొటోలో ఒక పక్కకు వాలిపోయిందనో, వెనకాల కరెంటు తీగ కొంగ మెడలోంచి పోయినట్టు ఉందనో చెప్పడానికి తొందరేం లేదు, టీ తాగుతూ ఎప్పుడైనా చెప్పొచ్చు. ఒక ప్రాణికి ముప్పు ఉన్న తప్పుకూ, ఫొటోకు మాత్రమే నష్టం చేసిన తప్పుకూ ఒకే గొంతు వాడకండి.

ఇంకో ప్రమాదం ఉంది. సదుద్దేశంతో చెప్పిన సలహా కూడా చెడు చేయగలదు. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. తీగ మీద కూర్చున్నప్పుడు చాలావరకు గోధుమ రంగులోనే కనబడుతుంది, ఎగిరితేనే ఆ నీలమంతా బయటపడుతుంది. కూర్చున్న పాలపిట్ట ఫొటో చూసి మీరు "ఎగిరేటప్పుడు తీస్తే ఎంత బాగుండేదో" అన్నారు. తప్పేం లేదు. కానీ తర్వాతి ఆదివారం ఆ తమ్ముడు జేబులో గులకరాళ్ళు వేసుకుని వెళ్ళాడనుకోండి, ఆ రాళ్ళల్లో ఒకటి మీదే. కాబట్టి సగం చెప్పి ఆపకండి. "అది పురుగును పట్టడానికి దానంతటదే దిగుతుంది, మళ్ళీ అదే తీగ మీదికొస్తుంది. ముందే షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు పైన పెట్టుకుని, ఎండ నీ వీపు మీద పడేట్టు కూర్చో, ఆగు" అని పూర్తిగా చెప్పండి. ఓపికగా కూర్చుని, శ్వాస చూసుకుంటూ, పిట్ట తనంతట తాను కదిలేదాకా ఎదురుచూడడం కన్నా మంచి సతి సాధన ఉందంటారా?

అలాగే పిగిలి పిట్ట పొదలో గూడు కనబడాలని అడ్డమొచ్చిన కొమ్మలు వంచి కట్టడం, ఆకులు దూయడం. ఫొటో శుభ్రంగా వస్తుంది, నిజమే. మీకు కనబడిన గూడు కాకికీ కనబడుతుంది. చట్టం సంగతి కూడా చెప్పండి: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అనే మాటకిచ్చిన అర్థంలో అడవి పక్షుల గుడ్లనూ గూళ్ళనూ కదిలించడం కూడా ఉంది. ఉండేలు వదిలేశామని మనం అనుకుంటున్నాం, చట్టం మాత్రం ఆ కెమెరాను కూడా వేటగానే లెక్కగడుతుంది.

ఇక తీసుకునేవాళ్ళ సంగతి. నన్నడిగితే ఇదే కష్టం. మజ్ఝిమనికాయలోని అనుమాన సుత్తంలో మహా మొగ్గల్లానుడు, ఎలాంటివాడికి చెప్పడం కష్టమో వివరంగా చెప్పాడు. చెప్పినవాడి మీదికే తిరగబడేవాడు, ఎదురు తప్పు పట్టేవాడు, మాట దాటేసేవాడు, కోపంతో ముఖం ముడుచుకునేవాడు. మన భాషలో వింటే వెంటనే గుర్తుపడతాం: "నువ్వేమన్నా తక్కువ తిన్నావా, పోయినేడు గూడు ఫొటో నువ్వు తీయలేదా?" "ఫోనుతో తీశా, ఇంతకన్నా ఎట్లొస్తది?" "ముందు ఒక కెమెరా కొనుక్కొచ్చి అప్పుడు చెప్పు." అదే సుత్తంలో అద్దం పోలిక ఉంది. అద్దంలో ముఖం మీద మరక కనబడితే తుడుచుకుంటాం, లేకపోతే సంతోషిస్తాం. అద్దాన్ని తిట్టం. మంచి కెమెరాల్లో లోపల ఒక చిన్న అద్దం ఉండేది, అది చూపించిందే మనం చూసేవాళ్ళం. ఆ అద్దం పిట్టను చూపిస్తుంది. మనల్ని చూపించే అద్దం మాత్రం పక్కన ఉన్న మిత్రుడే.

చెప్పేవాడికి కెమెరా తెలియాలని లేదు. గొర్రెలకాపరి మీ ఫొటో చూసి "ఇది బెదిరింది సారూ, మెడ చూడండి" అనొచ్చు. భద్రాచలం అడవిలో కోయ పెద్దాయన "ఆ చెట్టు కింద ఈ నెలలో మేమే పోము" అనొచ్చు. అపర్చర్ అంటే వాళ్ళకు తెలియకపోవచ్చు, పిట్ట తెలుసు. సారిపుత్తుడంతటివాడికి ఏడేళ్ళ సామణేరుడు చీవరం అంచు వేలాడుతోందని చెప్పాడట. ఆయన పక్కకు వెళ్ళి సర్దుకుని, తిరిగొచ్చి చేతులు జోడించి, ఇప్పుడు బాగుందా అని ఆ పిల్లవాణ్ణే గురువును అడిగినట్టు అడిగాడని అట్ఠకథలు చెబుతాయి. కులం చూసి, వయసు చూసి, కెమెరా ఖరీదు చూసి మాట విలువ కట్టేవాళ్ళకు ఈ కథ ఒకసారి చదివి వినిపించండి.

తప్పు చూపించేవాణ్ణి నిధి చూపించేవాడితో పోల్చింది ధమ్మపదం. మన ప్రాంతంలో నిధి అనగానే పాత దిబ్బలు రాత్రిపూట తవ్వేవాళ్ళు గుర్తొస్తారు. పక్క మండలం నేలకొండపల్లిలో మహాస్తూపం ఉంది, మన ముత్తాతల కాలానికి అది కూడా ఒక మట్టి దిబ్బే. నిధి ఉన్నచోట బయటికి దిబ్బే కనబడుతుంది, మనకు నచ్చని మాట కూడా అలాంటిదే. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాశాడని చెప్పే ఉపదేశానికి పేరు సుహృల్లేఖ, స్నేహితుడి ఉత్తరం అని అర్థం. రాజుకు చెప్పాల్సినవి చెబుతూ కూడా పెట్టుకున్న పేరు అది.

ఈ ఏడాది దసరా తర్వాత అయిదు రోజులకు వచ్చే ఆశ్వయుజ పున్నమి పవారణ రోజు. ఆ సాయంత్రం ముదిగొండ చుట్టుపక్కల ఫొటోలు తీసేవాళ్ళు ఒకచోట కూర్చోండి. ఈ వానాకాలంలో తీసినవాటిలో తలా మూడు ఖమ్మంలో ప్రింటు వేయించి తెచ్చుకోండి, ఫోనులో చూపిస్తే పక్క ఫొటోల మీదికి వేలు పోతుంది. వాటిలో ఒకటైనా మీకే అనుమానంగా ఉన్నది అయి ఉండాలి. సంఘంలో పవారణ చేసేటప్పుడు పెద్ద భిక్షువే ముందు గొంతుక్కూర్చుని చేతులు జోడించి అడుగుతాడు, చిన్నవాళ్ళు ఆ తర్వాత. మీలో కూడా అందరికన్నా పెద్దవాళ్ళు, లేదా అందరికన్నా ఖరీదైన కెమెరా ఉన్నవాళ్ళు తమ ఫొటో ముందు మధ్యలో పెట్టండి. చెప్పే వంతు మాత్రం చిన్నవాళ్ళ నుంచి మొదలవ్వాలి. ఒక్కొక్కరు చెప్పేది పూర్తయ్యేదాకా ఫొటో తీసినవాళ్ళు "అది కాదు, అప్పుడేమైందంటే" అని అడ్డం రాకూడదు. వెలుగు గురించి, ఫోకస్ గురించి మాట్లాడే ముందు మొదటి ప్రశ్నగా ఇది అడగండి: మనం అక్కడి నుంచి వచ్చేశాక ఆ పిట్ట ఏం చేసింది?