బాలికా వసతి విద్య: రక్షణా? నిర్బంధమా?

ఆడపిల్లను ఇంటికి దూరంగా ఉంచి చదివించటమంటే ఆమెకు స్వేచ్ఛ ఇవ్వటమా, లేక ఇంటి గోడకు బదులు బడి గోడ చూపించటమా? ఈ ప్రశ్నను గాలిలో చర్చించి ప్రయోజనం లేదు. ఆ పిల్ల ఏ వర్గం నుంచి, ఎటువంటి ఇంటి నుంచి వచ్చిందో ముందు అడగాలి.

ఇంగ్లండులో బ్రైటన్ సముద్రతీరాన 1885లో లారెన్స్ అక్కచెల్లెళ్లు రోడీన్ పాఠశాల స్థాపించారు. కేంబ్రిడ్జిలో స్త్రీలకోసం ఏర్పడిన కళాశాలలకు బాలికలను తయారుచేయటం దాని ఆశయం. ఆడపిల్ల చదువు విశ్వవిద్యాలయం దాకా పోవాలనటం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. అయితే సముద్రపు గాలి, ఆటస్థలం, ఉన్నత విద్య ఇవన్నీ ఫీజు కట్టగల కుటుంబాలకే దక్కాయి. గని కార్మికుని కూతురు ఆ గేటు దగ్గరికి కూడా పోలేదు.

మన దేశంలో ఇటువంటి ప్రయత్నాలు సంస్కరణోద్యమంలోంచి పుట్టాయి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు గుంటూరులో శారదా నికేతనం నెలకొల్పారు. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు హైదరాబాదు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల ఉన్నత పాఠశాల ప్రారంభించారు. నిజాం పాలనలో ఆడపిల్లలు మాతృభాషలో చదువుకోవటమే ఒక హక్కును ప్రకటించుకోవటం. ఆ సంస్థల నిర్వాహకులకు సంఘాన్ని ఎదిరించవలసీ వచ్చింది, ఆ సంఘాన్నే నమ్మించవలసీ వచ్చింది. ఈ ద్వంద్వం నేటికీ మనల్ని వదలలేదు.

సత్తుపల్లి నుంచి దమ్మపేట, అశ్వారావుపేటల మీదుగా అడవి అంచుకు పోయి చూస్తే ప్రశ్న మరో రూపం తీసుకుంటుంది. మిరపకాయలు ఏరే కాలం వచ్చిందంటే కూలి కుటుంబాలు ఊళ్లు కదులుతాయి. తల్లి చేలోకి పోతే చంటివాణ్ణి ఎత్తుకునేది పెద్దకూతురే. ఆమె బడి మానటానికి ఎవరూ ఆజ్ఞ జారీ చేయనక్కరలేదు; దారిద్ర్యమే ఆ పని చేస్తుంది. 2004లో ప్రారంభమైన కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయాల పథకం 75 శాతం స్థానాలు దళిత, గిరిజన, వెనుకబడిన, మైనారిటీ వర్గాల బాలికలకు, మిగిలినవి దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల పిల్లలకు కేటాయించింది. అటువంటి పిల్లకు తనదంటూ ఒక పక్క, వేళకు తిండి, చదువుకోవటానికి దీపం దొరికాయంటే అది సామాన్యమైన మార్పు కాదు. అక్కడి గోడ ఆమెను చాకిరీనుంచీ బాల్యవివాహం నుంచీ కాపాడుతుంది. కడుపునిండిన వారు స్వేచ్ఛ పేరిట వసతి విద్యనే ఖండిస్తే, ఆ ఖండనకు మూల్యం చెల్లించేది ఈ పిల్లే.

అంతమాత్రాన గోడ లోపల జరిగేదంతా న్యాయమని అనగలమా?

రాత్రి గేటుకు తాళం వేయటానికి కారణం చెప్పవచ్చు. పిల్లలకూ అది అర్థమవుతుంది. స్నేహితురాలు రాసిన ఉత్తరాన్ని పిల్లకంటే ముందు వార్డెను ఎందుకు చదవాలి? పెద్దగా నవ్వితే తప్పెందుకవుతుంది? బాలుర వసతి గృహంలో లేని కట్టుబాటు బాలికలకు ఎందుకు? ఈ ప్రశ్నలన్నింటికీ వచ్చే సమాధానం ఒక్కటే: "పేరు పోతుంది." ఎవరి పేరు? కుటుంబం పేరు, సంస్థ పేరు. స్త్రీ శరీరాన్ని వంశపు ఆస్తిగా లెక్కించిన భూస్వామ్య భావమే ఇక్కడ క్రమశిక్షణ అనే కొత్త పేరుతో బతుకుతున్నది. పిల్ల క్షేమంకోసం పెట్టిన నియమాన్ని ఆ పిల్ల ఎదుటనే సమర్థించుకోగలగాలి. పరువుకోసం పెట్టిన నియమం ఆమె ప్రశ్నించగానే కోపం తెచ్చుకుంటుంది.

వినయం నేర్పితే నష్టమేమిటని అడిగేవారు లేకపోలేదు. నష్టం శరీరానికే తగులుతుంది. 2024లో తెలంగాణ వసతి పాఠశాలల్లో కలుషితాహారంవల్ల విద్యార్థులు జబ్బుపడిన సంఘటనలు అనేకం బయటపడ్డాయి. అన్నంలో పురుగుందని చెప్పటం అవిధేయతగా లెక్కించేచోట ఆకలిగొన్న పిల్ల ఏం చేస్తుంది? పురుగు తీసి పక్కన పెట్టి తింటుంది. నోరెత్తకూడదని నేర్చిన పిల్ల తన ప్రాణంకోసం కూడా నోరెత్తలేదు.

భాష విషయమూ ఇటువంటిదే. కోయ బాలిక వసతి పాఠశాలలో అడుగుపెట్టగానే ఆమె మాట అక్కడ చెల్లని నాణెమవుతుంది. కెనడాలో ఆదిమజాతుల పిల్లలను వసతి పాఠశాలల్లో పెట్టి వారి భాషలను అణచివేసిన విధానాన్ని 2015లో అక్కడి సత్య నిర్ధారణ కమిషనే సాంస్కృతిక జాతిహననంగా పేర్కొన్నది. మన పాఠశాలలను వాటితో సమానం చేయటం అన్యాయం. ఆ చరిత్రను పట్టించుకోకపోవటం అంతకంటే అన్యాయం.

పిల్లలకు నిర్ణయాలు చేసే వయసు లేదనే వాదానికి మకరెంకో అనుభవం జవాబు చెబుతుంది. 1920లో పొల్తావా సమీపాన ఆరంభమైన గోర్కీ కాలనీలో అనాథలు, నేరస్తులని ముద్రపడిన పిల్లలు చేరారు. ఆయన క్రమశిక్షణ కఠినమైనదే. అందులోని సైనిక ఛాయను మనం స్వీకరించనక్కరలేదు. కాని ఆ పిల్లల దళనాయకుల మండలి కాలనీ వ్యవహారాలను చర్చించి నిర్ణయించేది. వీధిలో పెరిగిన పిల్లలు చేయగలిగిన పనిని సత్తుపల్లి పల్లెల పిల్లలు చేయలేరా? బియ్యం, పప్పు తూచుకునేటప్పుడు దగ్గర నిలబడటం, ఫిర్యాదు రాయటం, నియమాలను చర్చించటం వారికి అసాధ్యమైన పనులు కావు.

2014 మే 25న వసతి పాఠశాలల విద్యార్థులు మాలావత్ పూర్ణ, చర్ల ప్రాంతపు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణ వయసు అప్పటికి పదమూడేళ్లు దాటి పద్నాలుగు నిండలేదు. ఆ ఘనతను మనమంతా గర్వంగా చెప్పుకుంటాం. అంత ఎత్తుకు పంపటానికి నమ్మదగినదైన బాలిక, తన బడి నియమాల గురించి అభిప్రాయం చెప్పటానికి నమ్మదగినది కాదా?

కనుక వసతి గృహాలు ఇంకా కావాలి, మెరుగైనవి కావాలి. వాటికి డబ్బు ఇవ్వమని ప్రభుత్వాన్ని నిలదీయవలసిందే. దానితోపాటు మనం, ముఖ్యంగా ఉపాధ్యాయులం, మన చేతిలో ఉన్న పని చేయాలి. గోడమీద అంటించిన నియమాల కాగితాన్ని తీసి, పిల్లల మధ్య కూర్చుని, ఒక్కొక్క నియమానికి కారణం చెప్పాలి. కారణం చెప్పలేని నియమాన్ని అక్కడే కొట్టివేయాలి.