ఓపిక ఎప్పటిదాకా? ఒక ఇంటర్నెట్ కనెక్షన్, ఒక ధర్మసందేహం

కోపం మంచిది కాదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మరి మనకి అన్యాయం జరుగుతుంటే ఊరుకోవాలా? ఈ ప్రశ్నని రోజూ ఇంట్లో ఎదురయ్యే ఓ చిన్న విషయంలోనే చూద్దాం: ఇంటర్నెట్ కనెక్షన్.

మా ఇంట్లో నాలుగు నెలలు ఇదే గొడవ. వాన పడితే చాలు, గోడకున్న బాక్సులో ఎర్ర లైటు. ఫోన్ చేస్తే కాసేపు పాట, తర్వాత "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి". మర్నాడు ఎవరూ రాకుండానే "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్. మళ్లీ చేస్తే కొత్త కంప్లైంట్ నంబరు, కథ మొదటికి. బిల్లు మాత్రం ఠంచనుగా వస్తుంది.

మా కింది ఫ్లాట్ మామ్మగారిదీ అదే కనెక్షన్. ఆవిడ కూతురు డల్లాస్‌లో ఉంటుంది. మనకి పొద్దున్న, వాళ్లకి రాత్రి. ఆ అరగంటే ఇద్దరికీ కుదిరేది. సరిగ్గా అప్పుడే స్క్రీన్ మీద కూతురి మొహం ఆగిపోతుంది. కంపెనీ మార్చమంటే, "పోనీలే నాయనా, ఓపిక పట్టాలి" అంటారు.

ఇది ఓపికేనా?

మహాభారతం వనపర్వంలో ద్రౌపది ధర్మరాజుకి, ప్రహ్లాదుడు తన మనవడు బలికి చెప్పిన మాట గుర్తుచేస్తుంది. ఎప్పుడూ కోపం మంచిది కాదు, ఎప్పుడూ క్షమా మంచిది కాదు. మొదటి తప్పునీ, తెలియక చేసిన తప్పునీ, ఇదివరకు మేలు చేసినవాడి తప్పునీ క్షమించొచ్చు. తెలిసే చేసి "తెలియక చేశా" అనేవాణ్ణి మాత్రం కాదు.

ఇప్పుడు మన బాక్సు దగ్గరికి రండి. రోడ్డు తవ్వుతుంటే కేబుల్ తెగింది: క్షమించాలి. వానలో స్తంభం ఎక్కిన కుర్రాడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు: మంచినీళ్లిచ్చి థాంక్స్ చెప్పాలి. కానీ ఇంటికి రాకుండానే "పరిష్కారమైంది" అని రాయడం? అది తెలిసి చెప్పిన అబద్ధం. దాన్ని భరిస్తే క్షమ అవదు, అలవాటు అవుతుంది.

అలాగని కాల్ సెంటర్ అమ్మాయి మీద అరిస్తే ధైర్యం అయిపోదు. వైరు ఆమెది కాదు, నిర్ణయం ఆమెది కాదు. మన అరుపు కంపెనీ దాకా చేరదు, ఆమె మనసుని మాత్రం గుచ్చుతుంది. మనిషితో మెత్తగా, సంస్థతో గట్టిగా ఉండాలి. గట్టిగా అంటే గొంతు పెంచడం కాదు. కంప్లైంట్ నంబరు రాసిపెట్టుకోవడం. పని జరగకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయడం. ట్రాయ్ 2012 నిబంధనల్లో ఆ దారి ఉంది. అక్కడా కాకపోతే 1915కి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయడం. ఆ తర్వాత 2019 చట్టం కింద వినియోగదారుల కమిషన్ ఉంది. వీటిలో దేనికీ తిట్టక్కర్లేదు.

ఇక మారడం. మొబైల్ నంబరు అలాగే ఉంచుకుని కంపెనీ మార్చే వీలు 2011లో దేశమంతా వచ్చింది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో అంత సుఖం లేదు. కొత్త కేబుల్, కొత్త డిపాజిట్, ఆరు నెలలకి ముందే కట్టిన డబ్బు. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఒక్క కంపెనీకే ప్రవేశం. అక్కడ పదిమంది కలిసి అసోసియేషన్‌ని అడగాల్సిందే. ఈ తలనొప్పికి జడిసి మనం కదలం. దానికి "ఓపిక" అని మంచి పేరు పెట్టుకుంటాం.

నేను మారాను. పాత బాకీ కట్టి, బాక్సు అప్పజెప్పి, రసీదు తీసుకున్నాను. వాళ్లు సరిగ్గా లేరు కదా అని బాక్సు దాచుకుంటే, వాళ్లకీ నాకూ తేడా ఏముంది? కొత్త కంపెనీ స్వర్గమేమీ కాదు, అక్కడా ఎర్ర లైటు వెలుగుతుంది. కాకపోతే ఫోన్ చేస్తే మనిషి వస్తాడు.

ఇంటర్నెట్ ఒక్కటే కాదండీ. ఉద్యోగంలో, స్నేహంలో "పోనీలే" అన్న ప్రతిసారీ ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను క్షమిస్తున్నానా, లేక కదలడానికి బద్ధకిస్తున్నానా?

శుభం.