అంటువ్యాధి ప్రాంతానికి వైద్యుడు వెళ్ళవచ్చా?

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా ప్రబలింది. న్యూయార్క్‌లో అత్యవసర విభాగం వైద్యుడైన 33 ఏళ్ళ క్రెయిగ్ స్పెన్సర్, ముస్లింలు అత్యధికంగా ఉన్న గినీ దేశానికి వెళ్ళి రోగులకు చికిత్స చేశారు. తిరిగి వచ్చాక ఆయనకే ఆ వ్యాధి బయటపడింది.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. ప్లేగు ఉన్న చోటికి వెళ్ళవద్దని, మీరున్న చోట అది వస్తే పారిపోవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు. హజ్రత్ ఉమర్ (రజి) కూడా సిరియా దారిలో సర్గ్ వద్ద ప్లేగు వార్త విని వెనుదిరిగారు. మరి వైద్యుడు వెళ్ళడం ధర్మసమ్మతమేనా?

ఈ ఆదేశం ప్రాణరక్షణ కోసమే. అనవసరంగా ప్రమాదంలో పడకూడదు, వ్యాధిని ఇతరులకు చేరవేయకూడదు. తగిన జాగ్రత్తలతో, రోగి కోసం వెళ్ళే వైద్యుని విషయం వేరు. మండుతున్న ఇంట్లోకి ఊరికే దూరేవాడు, బిడ్డను తేవడానికి దూకేవాడు సమానులా? జనాజా నమాజు లాగే రోగుల సేవ కూడా ఫర్జె కిఫాయా. కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ చేయకపోతే అందరూ దోషులే.

అయితే ఆదేశంలోని రెండో భాగం వైద్యునికీ వర్తిస్తుంది. స్పెన్సర్ రోజూ రెండుసార్లు జ్వరం చూసుకున్నారు. జ్వరం కనిపించిన రోజే తెలియజేసి ఆసుపత్రిలో చేరారు. ఆయన కోలుకున్నారు, ఆయన వల్ల ఎవరికీ వ్యాధి సోకలేదు. ధైర్యంతోపాటు అమానతు అంటే ఇదే.

సోదర సోదరీమణులారా! మన పిల్లలు డాక్టర్లు కావాలని దుఆ చేస్తాం. రేపు వారు అలాంటి చోటికి బయలుదేరితే గుమ్మంలో అడ్డుపడతామా? ఒక ప్రాణాన్ని కాపాడటానికి ఖుర్ఆన్ (5:32) ఇచ్చిన విలువ తలచుకుని సాగనంపుతామా? అల్లాహ్ మనకు సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.