పని అయిపోయిన కుక్క

కుక్కను ఎందుకు పెంచుతారంటే వేటకు, కాపలాకు అని బయటివాళ్లు చెబుతారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేట నేరమైంది. అయినా మన గూడేల్లో కుక్కలు ఉన్నాయి. పోడు చేల మీద అడవిపందులు పడుతుంటాయి కాబట్టి కాపలా పని మిగిలిందనుకుందాం. మరి కాపలా కూడా కాయలేని కుక్క మాటేమిటి?

మా ఇంట్లో మూడు కుక్కలుండేవి. పంది వాసన తగిలితే, మేం మంచె దిగేలోపే కర్రోడు చేను చివర ఉండేవాడు. బుల్లి పిరికిది. ఉరిమితే అమ్మ వెనక దాక్కునేది. ఎర్రోడు దొంగ. ఎండుచేపలు మాయం చేసి, ఏమీ ఎరగనట్టు పొయ్యి పక్కన పడుకునేవాడు. ముసలితనంలో వాడికి చెవులు పోయాయి, పళ్లు ఊడాయి. దొంగతనం కూడా చేతకాలేదు. నాన్న మాత్రం చోడి అంబలి పలచగా కలిపి ముందు వాడికే పోసేవాడు.

"దీంతో ఇంకేం పని బావా?" అని చుట్టాలు అడిగేవారు.

"పని చూసే కూడు పెడితే, రేపు నాకెవరు పెడతారు?" అనేవాడు నాన్న.

ప్రాణి విలువ దాని పనిలోనే ఉందంటే ముసలివాళ్లకు, రోగులకు మన ఇంట్లో చోటుండదు. మార్కులు రాని పిల్లకు మన బడిలో చోటుండదు. కలిసి బతికినదానికి కడదాకా మనమే దిక్కు. అందుకే కుక్కకు కూడుతోపాటు ఏటా రేబిస్ టీకా కూడా వేయించాలి. ఊరు విడిచి చదువుకు, ఉద్యోగానికి వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వెళ్లేముందు దాని గిన్నె ఎవరికి అప్పగించారో చూసుకోండి.